ధూళి దాచలేని లయ: పాలపుంత నడిబొడ్డులో చర నక్షత్రాల వేట

పాలపుంత కేంద్రానికి అవతలి వైపు ఒక నక్షత్ర గుచ్ఛం ఉండి తీరాలని 2015లో ఖగోళ శాస్త్రవేత్త ఇష్ట్వాన్ డేకాని బృందం ప్రకటించింది. ఆ గుచ్ఛాన్ని మాత్రం ఆ బృందం చూడలేకపోయింది. నేరుగా పట్టుకోవడానికి చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయని తమ పరిశోధన పత్రంలోనే రాసింది. చూసిందల్లా రెండే రెండు నక్షత్రాలు. రెండూ సెఫీడ్లు, అంటే ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఒక క్రమంలో వెలుగు హెచ్చుతగ్గులు చూపించే తారలు. వాటి పీరియడ్లు, అంటే ఒక హెచ్చుతగ్గుల చక్రం పూర్తవడానికి పట్టే కాలం, దాదాపు ఒకటే. ప్రకాశం, రంగు కూడా దాదాపు ఒకటే. ఆకాశంలో వాటి మధ్య ఎడం 18.3 ఆర్క్ సెకన్లు (ఒక డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). లెక్కగట్టిన దూరం సుమారు 37 వేల కాంతి సంవత్సరాలు కాబట్టి, ఆ ఎడం అక్కడ మూడు కాంతి సంవత్సరాల పైచిలుకు అవుతుంది. సిద్ధాంతం ప్రకారం రెండింటి వయసూ 4.8 కోట్ల సంవత్సరాల దగ్గర తేలింది. ఒకే ఈడు, ఒకే చోటు, ఒకే తీరు ఉన్న రెండు అరుదైన తారలు అనుకోకుండా పక్కపక్కన చేరడం చాలా కష్టం. అవి కలిసి పుట్టి ఉండాలి. వాటితోపాటు పుట్టిన మిగతా తారలు చుట్టూ ఉండే ఉండాలి. ముందున్న ధూళి, ఆ దారిలో కిక్కిరిసిన లక్షలాది తారలు వాటిని కప్పేశాయి.

కనిపించని గుచ్ఛాన్ని రెండు తారల లయ పట్టి ఇచ్చిందన్నమాట. ధూళి నక్షత్రం వెలుగును తగ్గిస్తుంది, రంగును ఎర్రబారుస్తుంది. కాబట్టి ధూళి వెనకున్న తార గురించి రంగు చెప్పేదీ ప్రకాశం చెప్పేదీ ఉన్నదున్నట్టు నమ్మలేం. పీరియడ్ అలా కాదు. పొగమంచులో ఎదురుగా వస్తున్న లారీ ఇండికేటర్ మసకగా కనిపించవచ్చు గానీ, అది నిమిషానికి ఎన్నిసార్లు వెలుగుతుందో పొగమంచు మార్చలేదు. ధూళి కమ్మిన గుచ్ఛాల్లో ఇలా వెలుగు మార్చుకునే చర నక్షత్రాలకు ఇంత విలువ రావడానికి మూలం ఇదే. మన గెలాక్సీ మధ్యభాగం గురించి గత పదిహేనేళ్లలో తెలిసిన ముఖ్యమైన విషయాల్లో చాలా వాటికి ఈ లయే ఆధారం. అయితే ఆ లయను దూరంగా మార్చేటప్పుడు ధూళి మళ్లీ అడ్డొస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందు ధూళి సంగతి. నక్షత్రాల మధ్య తేలే ఈ రేణువులు సిలికేట్లు, కార్బన్‌తో తయారైనవి. చాలావరకు మైక్రాన్‌లో పదోవంతు, అంతకన్నా చిన్నవి. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం దాదాపు అర మైక్రాన్. రేణువుల పరిమాణం దానికి దగ్గరగా ఉండటంతో ఆ కాంతిని అవి బాగా అడ్డుకుంటాయి. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ అడ్డంకి సడలుతుంది. రెండు మైక్రాన్ల పరారుణ కాంతి, అంటే ఖగోళ శాస్త్రవేత్తలు కె బ్యాండ్ అని పిలిచేది, ఎక్కువ భాగం దాటి వచ్చేస్తుంది. ఎంత తేడానో పై జంట విషయంలోనే చూడొచ్చు. అక్కడ దృశ్యకాంతి 32 మాగ్నిట్యూడ్ల మేర క్షీణించిందని అంచనా. తారల ప్రకాశాన్ని కొలిచే ప్రమాణమే మాగ్నిట్యూడ్. ప్రతి 5 మాగ్నిట్యూడ్లకు కాంతి వందో వంతుకు పడిపోతుంది కనుక, ఆ తారల నుంచి మన వైపు బయలుదేరిన ఆరు లక్షల కోట్ల కాంతి కణాల్లో ఒక్కటే మనదాకా చేరుతుంది. ఇక ఎంత పెద్ద టెలిస్కోప్ ఉన్నా లాభం లేదు. అదే కె బ్యాండ్‌లో క్షీణత రెండు, మూడు మాగ్నిట్యూడ్ల దగ్గరే ఆగుతుంది. అంటే దాదాపు పదోవంతు కాంతి చేరుతుంది. అది చాలు.

ధూళి లెక్క తప్పితే ఏమవుతుందో చరిత్ర ఒకసారి గట్టిగా చూపించింది. హార్వర్డ్‌లో హెన్రియెటా లెవిట్ 1912లో పొరుగు చిన్న గెలాక్సీ అయిన చిన్న మాజెల్లాన్ మేఘంలోని 25 చర నక్షత్రాలను పరిశీలించి, పీరియడ్ ఎంత పొడవైతే తార అంత ప్రకాశవంతంగా ఉంటుందని నిరూపించింది. పీరియడ్ కొలిస్తే అసలు ప్రకాశం తెలుస్తుంది, కనబడే ప్రకాశంతో పోలిస్తే దూరం వస్తుంది. హార్లో షాప్లీ ఆ దారినే పట్టుకుని గోళాకార గుచ్ఛాల, అంటే ముసలి తారలు బంతిలా కిక్కిరిసిన గుచ్ఛాల, దూరాలు కొలిచి, సూర్యుడు గెలాక్సీ మధ్యలో లేడని తేల్చాడు. అది నిజం. కానీ గెలాక్సీ వెడల్పు దాదాపు మూడు లక్షల కాంతి సంవత్సరాలన్నాడు, అది బాగా ఎక్కువ. ధూళి వల్ల మసకబారిన తారలను దూరంగా ఉన్నవిగా లెక్కేయడం అందుకు ఒక కారణం. లిక్ అబ్జర్వేటరీలో రాబర్ట్ ట్రంప్లర్ 1930లో వంద వివృత గుచ్ఛాల, అంటే వదులుగా ఉండే గుచ్ఛాల, పరిమాణాలను, ప్రకాశాలను పోల్చి నక్షత్రాల మధ్య ధూళి ఉందని గట్టిగా చూపించేదాకా ఈ పొరపాటు అర్థం కాలేదు. ధూళి ఉనికి రుజువైంది కూడా గుచ్ఛాల వల్లనే అన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం.

పరారుణ పరిశీలనను చాలా వ్యాసాలు ధూళిలోంచి చూసే కిటికీగా మాత్రమే వర్ణిస్తాయి. అది సగం నిజమే. ఆర్‌ఆర్ లైరే తారల విషయంలో పరారుణం కిటికీని మించిన పని చేస్తుంది. ఇవి వెయ్యి కోట్ల సంవత్సరాలు దాటిన ముసలి తారలు, గోళాకార గుచ్ఛాల్లో ఎక్కువగా ఉంటాయి, ఒక రోజులోపే ఒక చక్రం పూర్తి చేస్తాయి. దృశ్యకాంతిలో వీటి ప్రకాశానికి, పీరియడ్‌కు చెప్పుకోదగ్గ సంబంధం ఉండదు. ప్రకాశం ఎక్కువగా ఆ తారలోని భార మూలకాల (హైడ్రోజన్, హీలియం కాక మిగతావాటి) పాళ్ల మీద ఆధారపడుతుంది, ధూళి వెనకున్న గుచ్ఛానికి ఆ పాళ్లు సరిగా తెలియవు. కె బ్యాండ్‌కు వచ్చేసరికి కథ మారుతుంది. పీరియడ్ పెరిగితే ప్రకాశం స్పష్టంగా పెరుగుతుంది, మూలకాల ప్రభావం తగ్గుతుంది. 1980లలోనే ఈ సంబంధం బయటపడింది. ధూళి లేని చోట కూడా ఆర్‌ఆర్ లైరేలతో దూరం కొలవాలంటే పరారుణమే మేలు.

దీనికి మూల్యం కూడా ఉంది. చర నక్షత్రం వెలుగు మారడంలో పెద్ద వాటా ఉష్ణోగ్రత మార్పుది. ఆ ప్రభావం నీలి కాంతిలో ఎక్కువ, పరారుణంలో తక్కువ. అందుకే దృశ్యకాంతిలో ఒక మాగ్నిట్యూడ్ మేర ఊగే ఆర్‌ఆర్ లైరే కె బ్యాండ్‌లో 0.3 దగ్గర ఊగుతుంది. పైగా దృశ్యకాంతిలో ఝామ్మని లేచి మెల్లగా దిగే ఆ రంపపు పంటి ఆకారం, చూడగానే గుర్తుపట్టగలిగే సంతకం, పరారుణంలో నున్నబడిపోయి మామూలు అలలా తయారవుతుంది. అలాంటి అలను సెఫీడ్ చూపిస్తుంది, ఒకదాన్నొకటి తాకుతూ తిరిగే జంటతార చూపిస్తుంది, మచ్చలున్న తార తన చుట్టూ తాను తిరుగుతూ కూడా చూపిస్తుంది. కనుక ధూళి వెనక చర నక్షత్రాన్ని కనుక్కోవడం కన్నా అదేమిటో తేల్చడం ఎక్కువ కష్టం.

ఈ వేటకు పెద్ద ఎత్తున నడుం కట్టిన సర్వే పేరు వీవీవీ. పాలపుంతలో చర నక్షత్రాలను విస్టా టెలిస్కోప్‌తో వెతకడమే దాని పని. డాంటె మినీతి నాయకత్వంలో 2010లో మొదలైంది. చిలీలోని పరనాల్ కొండల్లో ఉన్న విస్టా అద్దం వ్యాసం 4.1 మీటర్లు. దాని పరారుణ కెమెరాలో 16 డిటెక్టర్లు, మొత్తం 6.7 కోట్ల పిక్సెళ్లు. ఆకాశంలో 520 చదరపు డిగ్రీలు, అందులో అప్పటికి తెలిసిన 33 గోళాకార గుచ్ఛాలు, దాదాపు 350 వివృత గుచ్ఛాలు, వంద కోట్ల తారలు, ఐదేళ్లలో 1929 గంటల పరిశీలన: ఇదీ మొదటి ప్రణాళిక. ఐదు ఫిల్టర్లలో ఫొటోలు తీస్తారు గానీ, మళ్లీ మళ్లీ తీసేది కె బ్యాండ్‌లోనే. తర్వాత సర్వేను విస్తరించారు. 2024లో ఆ సమాచారమంతా కలిపి విడుదల చేసినప్పుడు లెక్క 13 ఏళ్లు, 420 రాత్రులు, 2 లక్షల ఫొటోలు, 150 కోట్ల ఖగోళ వస్తువులు, 500 టెరాబైట్లకు చేరింది.

అయితే ఇంత డేటా ఉన్నా ఒక్కో తారకు దొరికే కొలతలు మరీ ఎక్కువేమీ కాదు. గెలాక్సీ మధ్యభాగంలో చాలాచోట్ల ఒక్కో తారకు కొన్ని పదుల నుంచి వంద దాకా కె బ్యాండ్ కొలతలు ఉంటాయి, అవీ ఏళ్ల మీద చెదిరి ఉంటాయి. ఇన్ని తక్కువ చుక్కల్లోంచి అర రోజు పీరియడ్ తీయడమెలా అనిపిస్తుంది. చెదిరి ఉండటమే ఇక్కడ మేలు చేస్తుంది. ప్రతి రాత్రీ ఒకే వేళకు ఫొటో తీస్తే, సరిగ్గా అర రోజుకోసారి మారే తార ఎప్పుడూ ఒకే దశలో దొరికి, అసలు మారనట్టే కనిపిస్తుంది. అర రోజుకు దగ్గరి పీరియడ్లు కూడా తప్పుడు విలువలుగా తేలతాయి. వేళాపాళా లేని కొలతలు ఈ చిక్కును చాలావరకు విడగొడతాయి. కంప్యూటర్ వేల కొద్దీ పీరియడ్లను ఒక్కొక్కటిగా వేసి చూసి, ఏ పీరియడ్ ప్రకారం మడిస్తే చుక్కలన్నీ ఒక నున్నటి గీత మీదకి వస్తాయో చెబుతుంది.

గుచ్ఛం నడిమధ్య పరిస్థితి ఇంకా ఇబ్బంది. అక్కడ తారలు ఒకదాని మీదొకటి పడి కనిపిస్తాయి. ఒక్కో తార వెలుగును విడిగా కొలవడానికి రెండు పద్ధతులున్నాయి. ఆ రాత్రి వాతావరణంలో ఒక చుక్క ఎలా పరుచుకుంటుందో నమూనా తయారు చేసి, దాన్ని ప్రతి తారకూ సరిపెట్టి, పక్కవాళ్ల వెలుగును తీసేయడం ఒకటి. ఒక మంచి ఫొటోను మిగతా ఫొటోల నుంచి తీసివేసి మిగిలినదాన్ని చూడటం రెండోది. మారని తారలన్నీ మాయమైపోతాయి, మారినవే మచ్చల్లా మిగులుతాయి. కిక్కిరిసిన చోట్ల రెండోది ఎంతో శక్తిమంతమైనది, కాకపోతే మార్పు ఎంతో చెబుతుందే గానీ తార సగటు ప్రకాశం చెప్పదు. దూరం కొలవాలంటే ఆ సగటే కావాలి. అందుకే రెండూ కలిపి వాడతారు. వీటికి తోడు పరారుణ ఆకాశం స్వతహాగా వెలుగుతూ ఉంటుంది. పై వాతావరణంలోని అణువుల మెరుపు, టెలిస్కోప్ వేడి నిమిషాల్లో మారిపోతుంటాయి. వాటిని తీసేయడానికి ఖాళీ ఆకాశం ఫొటో కావాలి. గెలాక్సీ మధ్యలో ఖాళీ ఎక్కడుంది! కొంచెం దూరం జరిగి తీసుకురావాల్సిందే.

ఇంత కష్టానికి ఫలితం ఎలా ఉంటుందో రెండు గుచ్ఛాలు చక్కగా చూపిస్తాయి. ఒకటి టూమాస్-జీసీ02. 1997 నుంచి 2001 దాకా మొత్తం ఆకాశాన్ని పరారుణంలో ఫొటో తీసిన టూమాస్ సర్వేలో అనుకోకుండా బయటపడిన గోళాకార గుచ్ఛం. ధూళి వల్ల అంతవరకు ఎవరి కంటా పడలేదు. రెండోది టెర్జాన్ 10, పేరు పాతదే అయినా అంతే దట్టంగా కప్పుకుపోయింది. హవియెర్ అలొన్సో-గార్సియా బృందం 2015లో వీవీవీ కొలతలతో ఈ రెండింటిలోనూ ఆర్‌ఆర్ లైరే తారలు మంచి సంఖ్యలో ఉన్నాయని కనుక్కుంది. అక్కడితో ఆగి ఉంటే అది జాబితాలో మరో రెండు వరుసలు అయ్యేది. ఆ తారలతో వాళ్లు చేసిన పని చాలా అందమైనది.

వాళ్లు చేసిన లెక్క ఇలా సాగుతుంది. ప్రతి ఆర్‌ఆర్ లైరే పీరియడ్ తెలుసు. పీరియడ్ నుంచి ఆ తార అసలు ప్రకాశం ఎంతో ఒక్కో పరారుణ ఫిల్టర్‌లో విడిగా వస్తుంది. రెండు ఫిల్టర్ల తేడాయే రంగు కాబట్టి అసలు రంగు కూడా వచ్చేసినట్టే. కొలిచిన రంగులోంచి అసలు రంగు తీసేస్తే, ఆ ఒక్క తార ముందున్న ధూళి దాన్ని ఎంత ఎర్రబార్చిందో తెలుస్తుంది. ఇప్పుడు గుచ్ఛంలోని తారలన్నిటినీ ఒక గ్రాఫ్ మీద పెట్టాలి. ఒక వైపు ఎర్రబారిన మోతాదు, మరో వైపు కనబడే ప్రకాశానికీ అసలు ప్రకాశానికీ తేడా. తారలన్నీ ఒకే గుచ్ఛానివి కనుక మన నుంచి ఒకే దూరంలో ఉన్నాయి. వాటి మధ్య తేడా ధూళిది మాత్రమే. చుక్కలు ఒక గీత మీద వరుస కడతాయి. ఆ గీత వాలు ఈ దిశలో ధూళి స్వభావాన్ని చెబుతుంది, అంటే ఒక పాలు ఎర్రబారితే ఎంత కాంతి పోతుందో చెబుతుంది. గీతను సున్నా ధూళి దాకా వెనక్కి పొడిగిస్తే గుచ్ఛం దూరం వచ్చేస్తుంది.

ఈ పద్ధతి పని చేయాలంటే గుచ్ఛం ముందు ధూళి అంతటా ఒకేలా ఉండకూడదు. ఒకేలా ఉంటే చుక్కలన్నీ ఒక్కచోట కుప్పపడి గీతే ఏర్పడదు. ఇలా ఒక మూల పలచగా, ఒక మూల చిక్కగా ఉండే ధూళి మామూలుగా ఖగోళ శాస్త్రవేత్తలకు పెద్ద తలనొప్పి. గుచ్ఛంలోని తారల రంగులను గ్రాఫ్ మీద పెడితే అంతా చెదిరిపోతుంది, వయసు, మూలకాలు ఏవీ తేలవు. ఆ చెదరడమే ఇక్కడ కొలబద్ద అయింది. చర నక్షత్రాలు ధూళిని దాటుకుని కనిపించడమే కాదు, ధూళినే కొలిచి పెట్టాయి. ఈ రంగంలో ఇంతకన్నా తెలివైన పని అరుదు.

ఫలితం ఏం చెప్పింది? రెండు గుచ్ఛాలూ ఇంతకుముందు అనుకున్న దానికన్నా గెలాక్సీ కేంద్రానికి దగ్గరగా ఉన్నాయి. టెర్జాన్ 10 కేంద్రం ముందు కాదు, గెలాక్సీ నడుమ తారలు కిక్కిరిసి ఉబ్బినట్టుండే ఉబ్బెత్తు భాగానికి అవతలి వైపు ఉంది. ఇక అక్కడి ధూళి ప్రవర్తన మామూలు సూత్రానికి లొంగలేదు. మరో సంగతి కూడా ఉంది. పాలపుంతలోని గోళాకార గుచ్ఛాలు వాటి ఆర్‌ఆర్ లైరేల సగటు పీరియడ్ బట్టి రెండు గుంపులుగా విడిపోతాయని డచ్ శాస్త్రవేత్త ఊస్టర్‌హాఫ్ 1939లో గమనించాడు. ఒక గుంపులో సగటు 0.55 రోజుల దగ్గర, రెండో గుంపులో 0.65 దగ్గర ఉంటుంది. మధ్యలో దాదాపు ఖాళీ. పొరుగు చిన్న గెలాక్సీల్లో ఆ ఖాళీ కనిపించదు. టూమాస్-జీసీ02, టెర్జాన్ 10 రెండూ ఈ విభజనలో ఇమడలేదు. అంతమాత్రాన అవి బయటి నుంచి వచ్చి కలిసినవని తీర్పు చెప్పేయడం తొందరపాటు. కానీ ఊస్టర్‌హాఫ్ విభజనను ఇంతకాలం ధూళి లేని గుచ్ఛాలనే చూసి చర్చించామన్న మాట మాత్రం వాస్తవం. గెలాక్సీ కేంద్రం దగ్గరి గుచ్ఛాలు ఆ లెక్కలోకి పూర్తిగా రాలేదు.

ఇప్పుడు చిక్కు దగ్గరికి వద్దాం. ధూళి సూత్రం అన్ని దిక్కులా ఒకటి కాదని తేలితే, దానితో కట్టిన దూరాలన్నీ కదులుతాయి. ఎంత కదులుతాయో ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక సెఫీడ్ జె (కె కన్నా తక్కువ తరంగదైర్ఘ్యపు పరారుణం), కె ఫిల్టర్ల మధ్య 4 మాగ్నిట్యూడ్లు ఎర్రబారిందనుకుందాం. పాతకాలం నుంచి వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం దీన్ని 0.69తో గుణిస్తే కె బ్యాండ్ క్షీణత వస్తుంది, దాదాపు 2.8. గెలాక్సీ కేంద్రం వైపు చూసి జపాన్ బృందం 2009లో ఇచ్చిన విలువ 0.53. దాని ప్రకారం క్షీణత 2.1. తేడా 0.64 మాగ్నిట్యూడ్లు. వినడానికి చిన్నదే, దూరంలో అది మూడో వంతుకు పైగా తేడా. మొదటి లెక్కలో 26 వేల కాంతి సంవత్సరాల దగ్గర, అంటే సరిగ్గా గెలాక్సీ కేంద్రం దగ్గర ఉన్న తార రెండో లెక్కలో 35 వేలకు జరిగిపోయి కేంద్రం అవతల చేరుతుంది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. వీవీవీలో దొరికిన సెఫీడ్లను బట్టి డేకాని బృందం 2015లోనే గెలాక్సీ ఉబ్బెత్తు లోపల యువతారల పలుచటి డిస్క్ ఒకటి అడ్డంగా పరుచుకుని ఉందని ప్రతిపాదించింది. అదే ప్రాంతాన్ని చూసిన నొరియుకి మత్సునగ బృందం 2016లో దానికి విరుద్ధమైన చిత్రం ఇచ్చింది. ఆ బృందం చేతిలో ఒక మంచి ఆధారం ఉంది. దక్షిణాఫ్రికాలోని 1.4 మీటర్ల పరారుణ టెలిస్కోప్‌తో 2011లో వాళ్లు గెలాక్సీ కేంద్రానికి ఆనుకుని ఉన్న డిస్క్‌లో మూడు సెఫీడ్లను కనుక్కున్నారు. పీరియడ్లు 20 రోజుల చుట్టుపక్కల, వయసు దాదాపు 2.5 కోట్ల సంవత్సరాలు. తర్వాత నాలుగోది దొరికింది. ఈ నాలుగూ కేంద్రం దగ్గరే ఉన్నాయనుకుంటే, అక్కడి ధూళి సూత్రం ఎలా ఉండాలో వెనక్కి లెక్కగట్టవచ్చు. ఆ సూత్రాన్నే చుట్టుపక్కల దాదాపు ముప్పై సెఫీడ్లకు వాడితే, చాలావరకు కేంద్రాన్ని దాటి చాలా దూరం వెళ్లిపోయాయి. కేంద్రం చుట్టూ ఎనిమిది వేల కాంతి సంవత్సరాల మేర, నడిమధ్యన ఉన్న చిన్న డిస్క్‌ను మినహాయిస్తే, సెఫీడ్లు లేవని వాళ్లు ముగించారు.

ఒకే ప్రాంతపు తారలు, రెండు ధూళి సూత్రాలు, రెండు వేర్వేరు గెలాక్సీ చిత్రాలు. ఈ చర్చలో రెండో పక్షం వాదనే బలంగా ఉంది. దూరం ముందే తెలిసిన తారల మీద సూత్రాన్ని సరిచూసుకుని ముందుకెళ్లడం ఒక కారణం. రేడియో పరిశీలనల్లో కొత్త తారలు పుడుతున్న ప్రాంతాలు కూడా అదే తీరున పరుచుకుని ఉండటం రెండోది. అయినా ఆ వాదన కూడా ధూళి సూత్రం ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు పెద్దగా మారదన్న ఊహ మీద నిలబడింది. టెర్జాన్ 10 దిశలో చూసిన అసాధారణ ధూళి ఆ ఊహను ప్రశ్నిస్తుంది. అందుకే గుచ్ఛాల్లో ఉన్న చర నక్షత్రాలు, ఒంటరిగా తిరిగే వాటికన్నా ఎంతో విలువైనవి. గుచ్ఛం ఒకే దూరంలో పదులకొద్దీ తారలను ఇస్తుంది కనుక ధూళిని, దూరాన్ని విడదీయవచ్చు. ఒంటరి తార ఆ అవకాశం ఇవ్వదు. కొత్త గుచ్ఛాల సంఖ్య పెంచడం కన్నా, ఉన్న గుచ్ఛాల్లో పది నమ్మకమైన ఆర్‌ఆర్ లైరేలను పట్టుకోవడం ఈ రంగానికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. వీవీవీ ఫొటోల్లోంచి 2011లో ఒక్కసారే 96 కొత్త గుచ్ఛాల జాబితా వచ్చింది. అవి ఎక్కువగా ధూళి మేఘాల్లో ఇప్పుడిప్పుడే పుడుతున్న చిన్న గుచ్ఛాలు, వాటి విలువ వాటిది. ఆ తర్వాత గెలాక్సీ మధ్యభాగంలో గోళాకార గుచ్ఛాలు కావచ్చంటూ పదులకొద్దీ పేర్లు వచ్చాయి. తారల సొంత కదలికలను కొలిచి సరిచూసినప్పుడు వాటిలో చాలావాటికి ఆధారం దొరకలేదు. ధూళి ఒకచోట పలచబడితే అక్కడ తారలు ఎక్కువగా కనిపించి గుచ్ఛంలా భ్రమ కలుగుతుంది. నిలిచినవీ ఉన్నాయి. 2011లో దొరికిన వీవీవీ-సీఎల్001ను పరారుణ వర్ణపటంతో పరీక్షిస్తే, పాలపుంతలో భార మూలకాలు అతి తక్కువగా ఉన్న గోళాకార గుచ్ఛాల్లో ఒకటని తేలింది. ఒక గుచ్ఛం నిజమో భ్రమో తేల్చే సాక్ష్యాల్లో ఆర్‌ఆర్ లైరేలది పెద్దపీట. ఒకే కదలిక, ఒకే దూరం చూపే మూడు, నాలుగు ఆర్‌ఆర్ లైరేలు ఒకచోట ఉంటే భ్రమ అనడానికి వీలుండదు.

తారను గుర్తించడంలో పొరపాటు జరిగినా ఇంతే నష్టం. సెఫీడ్లలో రెండు జాతులున్నాయి. ఒకటి బరువైన యువతారలు, రెండోది తేలికైన ముసలి తారలు. పీరియడ్ ఒకటే అయినా ముసలి జాతి మాగ్నిట్యూడున్నర నుంచి రెండు దాకా మసకగా ఉంటుంది. ఒకదాన్ని రెండోదిగా పొరబడితే దూరం రెండింతల మేర తప్పుతుంది. నున్నబడిన పరారుణ అలలో ఈ రెండింటినీ విడదీయడం కష్టం కనుక, కడకు వర్ణపటం తీసి చూడాల్సిందే. అందుకు ఒక్కో తార మీద చాలా సమయం పడుతుంది.

యువ గుచ్ఛాల సంగతి వేరే. పుట్టి పది, ఇరవై లక్షల ఏళ్లు మాత్రమే అయిన తారలు ఇంకా తమ పుట్టింటి ధూళి మేఘంలోనే ఉంటాయి. వాటిలో దూరం చెప్పే కొలబద్దలు ఉండవు. అక్కడ వెలుగు మార్పులు తార ఎదుగుదలను చెబుతాయి. టూమాస్ దక్షిణ టెలిస్కోప్‌తో కొత్త తారలు పుట్టే ఒరాయన్ మేఘాన్ని పదేపదే ఫొటో తీసిన జాన్ కార్పెంటర్ బృందం 2001లో 1235 చర నక్షత్రాలను నమోదు చేసింది. మార్పు ఎందుకొచ్చిందో చెప్పేది మూడు ఫిల్టర్లలో ఒకేసారి తీసిన కొలతలే. తార మసకబారినప్పుడు రంగు పెద్దగా మారకపోతే ఉపరితలం మీది చల్లని మచ్చలు తిరిగి రావడం కారణం కావచ్చు. ధూళి సూత్రం చెప్పిన పాళ్లలోనే ఎర్రబారితే, తన చుట్టూ తిరిగే పళ్లెంలోని ధూళి ముద్ద అడ్డొచ్చిందని అర్థం. మసకబారుతూ రంగు నీలం వైపు జరిగితే ఆ పళ్లెం లోపలి భాగంలోనే మార్పు జరిగి ఉండొచ్చు. గెలాక్సీ మధ్యలో శత్రువైన ధూళి ఇక్కడ పరిశోధన వస్తువు.

కొన్ని పసి తారలు ఉన్నట్టుండి భగ్గుమంటాయి. పళ్లెంలోంచి పదార్థం ఒక్కసారిగా తార మీద పడటమే కారణం. 1930లలో ఎఫ్‌యూ ఒరాయనిస్ అనే తార అలా వెలిగింది, ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. ఇలాంటివి చాలా అరుదని దశాబ్దాలపాటు అనుకున్నారు, ఎందుకంటే ధూళి మేఘాల బయటికి వచ్చినవే కనబడేవి. కార్లోస్ కాంట్రెరాస్ పెన్యా బృందం 2017లో వీవీవీలో కొంత భాగాన్ని వెతికి, కె బ్యాండ్‌లో ఒక మాగ్నిట్యూడ్‌కు మించి మారిన 816 తారలను బయటపెట్టింది. వాటిలో దాదాపు సగం పసి తారలు. అంటే ధూళి లోపల ఉన్న దశలో ఈ విస్ఫోటాలు మరీ అంత అరుదు కాదు. తార తన బరువులో కొంత భాగాన్ని ఇలా విడతలు విడతలుగా పోగుచేసుకుంటుందన్న ఆలోచనకు ఇది బలమైన ఊతం. మన దేశంలో లదాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్, దానికి ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ తయారు చేసిన పరారుణ పరికరం ఇలాంటి తారలను ఏళ్ల తరబడి వెంబడించడానికి ఉపయోగపడ్డాయి. పెద్ద సర్వే ఒక తారను చూపించి ముందుకెళ్లిపోతుంది, దాన్ని రాత్రి తర్వాత రాత్రి కనిపెట్టి ఉండటానికి మధ్యస్థాయి టెలిస్కోప్‌లే దిక్కు.

బరువైన యువ గుచ్ఛాల్లో గ్రహణ జంటతారలు మరో కొలబద్ద. ఒకదాని ముందు ఒకటి వచ్చి వెలుగు తగ్గే ఈ జంటల నుంచి తారల బరువు, పరిమాణం నేరుగా వస్తాయి. హైదరాబాద్‌కు దగ్గర్లోని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో 48 అంగుళాల టెలిస్కోప్‌తో ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఏళ్లపాటు శ్రద్ధగా కొలిచింది ఈ జాతి తారలనే. 1961లో బెంట్ వెస్టర్లుండ్ కనుక్కున్న వెస్టర్లుండ్ 1 గుచ్ఛం పది మాగ్నిట్యూడ్లకు మించిన ధూళి వెనక ఉంది. దానిలోని ఒక గ్రహణ జంటను బట్టి 2012లో గుచ్ఛం దూరం సుమారు 12 వేల కాంతి సంవత్సరాలని లెక్కగట్టారు. ఈ పద్ధతిలో కూడా ఆఖరి మెట్టులో ధూళి లెక్క తప్పదు.

విస్టాలోని ఆ పరారుణ కెమెరా పని 2023లో ముగిసింది. ఇక ముందు రెండు రకాల సమాచారం కావాలి. మొదటిది ఎక్కువ కొలతలు, సన్నటి ఫొటోలు. నాసా రూపొందించిన నాన్సీ గ్రేస్ రోమన్ అంతరిక్ష టెలిస్కోప్ 2.4 మీటర్ల అద్దంతో గెలాక్సీ ఉబ్బెత్తులో కొన్ని చోట్లను నిమిషాల వ్యవధిలో మళ్లీ మళ్లీ ఫొటో తీసేలా ప్రణాళిక ఉంది. గుచ్ఛం నడిమధ్య కలిసిపోయిన తారలను అది విడదీయగలదు. దక్షిణాఫ్రికాలోని సదర్లాండ్‌లో 1.8 మీటర్ల ప్రైమ్ టెలిస్కోప్ నేల మీద నుంచి ఇలాంటి పనే చేస్తోంది. రెండోది వర్ణపటాలు. చిలీలోని వీఎల్‌టీ అనే భారీ టెలిస్కోప్ కోసం తయారైన మూన్స్ పరికరం ఒకేసారి దాదాపు వెయ్యి తారల పరారుణ వర్ణపటాలు తీయగలదు. అప్పుడు ఒక సెఫీడ్ యువతారో ముసలి తారో పీరియడ్‌తో పని లేకుండానే తెలుస్తుంది, ఒక ఆర్‌ఆర్ లైరే గుచ్ఛానిదో దారిలో పోయేదో దాని వేగం చెబుతుంది. ప్రతి దిశలో ధూళి సూత్రాన్ని విడిగా కొలవగలిగేన్ని గుచ్ఛాలు చేతికి వస్తేనే మత్సునగ, డేకాని బృందాల మధ్య తేడా పూర్తిగా తీరుతుంది. అలా కొలిచిన దిశలు ఇప్పటికి కొన్ని మాత్రమే.